మూడుసార్లు తట్టితే

మా పల్లె గార్లదిన్నె పక్కన. బడికాడ ఉగ్గాని, బజ్జీలు అమ్మే మస్తానాబీని నేనే. నాకుండే జబ్బల్లా నోటిదూల.

పొట్లాలకని పిల్లల పాత కతల పుస్తకాలు కిలోల్లెక్కన తెస్తా. చింపేముందు చదువుతా. అన్నిట్లో ఒకటే తంతు. జలపాతం ఎనకాలో, చెట్టుతొర్రలోనో ఎవరికీ కనపడని తలుపు. అందులో దూరితే మాయాలోకం. బజ్జీలు వేగేలోపల పిల్లోళ్లకు అవే చెప్తా.

పుల్లన్న కూతురు ఆశ్రిత, మూడో తరగతి పిల్ల, ఒకరోజు అడిగె. "అవ్వా, అట్లాంటి తలుపు మన ఊర్లో యాడుండాది?"

తెలీదంటే నా గొప్ప ఏం కావాల? ఈడ జలపాతం యాడిది, నా మొగం! వాళ్ల చేన్లో నీళ్లు పడని పాత బోరుకు బండ మూసినారు. అది గుర్తొచ్చె.

"ఆ బండే తలుపు. కింద నీళ్ల రాజ్యముండాది. బండ కదిలియ్యకూడదు, మూడుసార్లు తట్టి అడగాల. మనసులో రోంత అనుమానమున్నా తెరుచుకోదు" అన్నా.

ఆ కడపటి మాట ఎందుకన్నానో నాకు తెలుసు. తెరుచుకోలేదే అని రేపు ఎవరూ నన్ను నిలదీయకూడదని.

పోయిన వారం పుల్లన్న నాలుగో బోరు వేపిచ్చినాడు. ఇదీ పోతే బెంగుళూరికి కూలికి పోతామన్నాడు. ఊరంతా బోరుబండి చుట్టూ ఉంటే ఆశ్రిత మాత్రం పాత బండకాడ కూచుని తడతానే ఉండాది. ఆడుకుంటాందిలే అనుకున్నా. ఎనిమిదినూర్ల అడుగులకు గూడా తెల్లదుమ్మే వచ్చె. పుల్లన్న టవలు మొగానికి అడ్డం పెట్టుకుని కూలబడె.

సాయంత్రం ఆశ్రిత నాకాడికొచ్చె. వేళ్ల కణుపులు తోలు లేచిపోయినాయి.

"నీళ్లు పంపమని అడిగినా అవ్వా. మధ్యలో రోంత అనుమానమొచ్చింది. నా వల్లే నీళ్లు పడలేదు. నాయనకు చెప్పొద్దు" అని ఏడ్చింది.

యా అల్లా! నా నోట్లో మన్నుపడ. అప్పుడైనా నిజం చెప్పాలి గదా? సిగ్గయి, ఆ చేతిలో రెండు బజ్జీలు పెట్టి పంపించినా.

ఆదివారం వాళ్లు బస్సెక్కుతాంటే ఉరికి పోయినా. కిటికీకాడ ఆ పిల్ల చెయ్యి పట్టుకున్నా.

"తలుపూ లేదు, రాజ్యమూ లేదు తల్లీ. అంతా నేనల్లిన అబద్ధం. తప్పు నాది, నీది కాదు."

ఆశ్రిత నా మొగంలోకి జాలిగా చూసింది.

"నీకు గూడా అనుమానమొచ్చిందా అవ్వా?"

బస్సు కదిలిపాయె.