ప్రభుదాస్ సార్ ఎదురుచూసిన మాట

మా ఉట్నూర్ ఆఫీసులో సీలింగ్ ఫ్యాను పది రోజులుగా కీచుమంటుంటే, నిన్న అటెండరు స్టూలెక్కి అందులో కుట్టుమిషను నూనె పోశాడు. రెండు చుక్కలు నా ఫైలు మీద పడ్డాయి. అతను సారీ చెబుతున్నాడు గానీ నాకు వినపడటం లేదు. ఆ వాసన ముక్కుకు తగలగానే మందమర్రిలో మా మిషన్ స్కూలు, దాని వెనక ఆటసామాన్ల గది, అందులో నేల మీద కూర్చుని ఎయిర్‌గన్ తుడుస్తున్న ప్రభుదాస్ సార్ గుర్తొచ్చారు. ఇక పని సాగలేదు. సాయంత్రం క్వార్టర్‌కు వచ్చి, ఒక్కదానికోసం వంటెందుకని ఊరికే కూర్చున్నాను. ఇలాంటి సాయంత్రాలు నాకు అలవాటే.

ప్రభుదాస్ సార్ మాకు ఆటల సార్. అంతకుముందు సైన్యంలో పనిచేశారు. పెళ్లి చేసుకోలేదు. బొగ్గుబాయిలో పనిచేసే తమ్ముడి క్వార్టర్‌లో వెనక గది ఆయనది. వాళ్లూ మేమూ ఒకే చర్చికి వెళ్లేవాళ్లం. నెలకోసారి ప్రభువు బల్ల ఇచ్చే ఆదివారం, అందరూ తమ తప్పులు దేవుడి ముందు ఒప్పుకుని రొట్టె తీసుకోవడానికి లేచి ముందుకు వెళ్తుంటే, ఆయన మాత్రం చెప్పులేసుకుని బయటికి పోయి తన సైకిలు దగ్గర నిలబడేవారు. ఎందుకని అడిగితే "కడుపుల మంటుంటది" అనేవారు. రవ్వంత రొట్టెకు కడుపులో మంటేమిటని మా అవ్వ గొణిగేది.

శనివారం ఆఖరు పీరియడ్‌లో ఆయన ఆటలు మాన్పించి మాతో వాదనలు చేయించేవారు. ఆటల సార్‌కు ఇదేం పిచ్చి అని మిగతా టీచర్లు నవ్వుకునేవారు. ఒక పక్క వాదించి గెలిచినవాళ్లు మళ్లీ లేచి, అంతే గట్టిగా రెండో పక్క వాదించాలి. అదీ ఆయన పద్ధతి. "గెల్సుడు అల్కగుంటది. గెల్సినంక అటు దిక్కు నిలబడి చూడు, జర కష్టమైతది" అనేవారు. నేనప్పుడు పదో తరగతి. నోరు పెద్దదని ఇంట్లో రోజూ తిట్లు తినే పిల్లను. ఆ నోరే నీకు అక్కరకొస్తుందని చెప్పిన మొదటి మనిషి ఆయన. ఆయన్ని చూస్తే నాకు ప్రాణం లేచొచ్చేది.

ఒకరోజు ఎయిర్‌గన్‌లు తుడవడంలో సాయం చేస్తూ, "సార్, మీరు యుద్ధం చూసిండ్రా?" అని అడిగాను. తుడుస్తున్న ఎయిర్‌గన్ పక్కన పెట్టారు. తర్వాత శ్రీలంక సంగతి చెప్పారు. అక్కడి తమిళ పోరాటవాదులకు మొదట్లో మనవాళ్లే శిక్షణ ఇచ్చారట. కొన్నేళ్లకు శాంతి కోసమని వెళ్లిన మన సైన్యం వాళ్లతోనే యుద్ధానికి దిగాల్సి వచ్చిందట. నేర్పినవాళ్లలోనూ సార్ ఉన్నారు, కాల్చినవాళ్లలోనూ ఉన్నారు.

"దగ్గరికి పోయి చూస్తే నాకు ఎర్కున్నోడే, రూతు. తుపాకి విప్పుడు, తుడ్సుడు నేనే నేర్పిన. నన్ను అన్నా అని పిల్సెటోడు. నా తూటాకే పడ్డడు."

"మరి అది కరెక్టేనా సార్?"

"గదే తెలుస్తలేదు. ఇప్పటిదాక ఎవ్వలకు చెప్పలే. నువ్వైతే రెండు దిక్కులు ఆలోచిస్తవని చెప్పిన."

ఆ ఏడాదే కరీంనగర్‌లో చుట్టుపక్కల స్కూళ్లన్నిటికీ కలిపి పోటీ పెట్టారు. నన్ను సారే వెంటబెట్టుకుని వెళ్లారు. 'నిన్నటి మిత్రుడితో యుద్ధం న్యాయమేనా' అన్నది విషయం. చీటీలో నాకు న్యాయమే అన్న పక్క వచ్చింది. నాకు ఎదురు నిలబడ్డ అమ్మాయి బ్రహ్మాండంగా మాట్లాడింది. హాలంతా అటే మొగ్గింది. నా దగ్గరున్న పాయింట్లన్నీ అయిపోయాయి. అప్పుడు "మా స్కూల్లో ఒక సార్ ఉన్నారు" అని మొదలుపెట్టి, ఆయన నాకు చెప్పిందంతా చెప్పేశాను. తమ్ముడిలాంటివాడినే దేశం కోసం కాల్చిన మనిషి ముందు ఇక న్యాయం గురించి వాదన ఎందుకని ముగించాను. పేరు చెప్పలేదు. కానీ నాతో వచ్చింది ఒక్క సారేనని అందరికీ తెలుసు. హాలంతా ఆయన వైపు తిరిగి చప్పట్లు కొట్టింది. ఒక పెద్దాయన వెళ్లి చేయి కలిపాడు. సార్ లేచి నిలబడి అందరికీ నమస్కారం పెట్టారు. నేను గర్వంతో పొంగిపోయాను.

తిరుగు బస్సులో గెలిచిన కప్పు నా ఒళ్లోనే ఉంది. మంచిర్యాల దాటాక, "ఇప్పుడు అటు దిక్కు వాదించాల్నా సార్?" అని నవ్వుతూ అడిగాను. "వద్దు బిడ్డా. అయిపోయింది గదా" అన్నారు. దిగాక నన్ను మా బాపుకు అప్పజెప్పి, "మంచిగ మాట్లాడింది" అని చెప్పి వెళ్లిపోయారు. తర్వాతి శనివారం ఆఖరు పీరియడ్‌లో వాలీబాల్ ఆడించారు. ఆ పై శనివారాలూ అంతే. నా మీద కోప్పడలేదు. పలకరిస్తే పలికేవారు. ఆటసామాన్ల గదిలోకి మాత్రం మళ్లీ పిలవలేదు. నేను ఏడుస్తుంటే బాపు, "పేరు చెప్పకపోతివి, కప్పు తెస్తివి, ఇంకేం తప్పు చేసినవే?" అన్నాడు. స్నేహితురాళ్లూ అదే అన్నారు.

చాలా ఏళ్లకు, నాకు ఉద్యోగం వచ్చాక, ఆయన మంచాన పడ్డారని తెలిసి మందమర్రి వెళ్లాను. మన్నించమని అడగడానికే వెళ్లాను. "సార్, ఆ రోజు మీ సంగతి నేను చెప్పకుండ ఉండాల్సింది" అన్నాను.

"నాకు బాధైంది నువ్వు చెప్పినందుకు గాదు" అన్నారు. "గంతమందిల ఒక్కలన్న లేచి, నువ్వు చేసింది తప్పు అంటరేమో అని చూసిన. అందరు చప్పట్లు కొట్టిండ్రు. తప్పంటేనే గద బిడ్డా, మాఫీ అడిగేది. మంచిగ చేసినవ్ అన్నంక దేవుని కాడికి ఏమని పోవాలె?"

అని నా ముఖంలోకే చూస్తున్నారు. ఆ మాట నా నోటి నుంచైనా వస్తుందేమోనని చూస్తున్నారని నాకు ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం జాలి ముంచుకొచ్చింది. ఆయన చేయి పట్టుకుని, "మీ తప్పేం లేదు సార్" అన్నాను. ఆయన కళ్లు మూసుకుని, "చాయ్ తాగి పో" అన్నారు.

నెల తిరక్కుండానే పోయారు. ఇవాళ ఎవరైనా తప్పు చేశానని నా దగ్గరికొస్తే నేను తొందరపడి ఓదార్చను. కూర్చోబెట్టి, అంతా విని, అవును, తప్పేనంటాను. అందుకే కాబోలు, నా దగ్గరికి ఎక్కువమంది రారు. ఆ యుద్ధం న్యాయమా కాదా అంటే ఇప్పటికీ రెండు పక్కలా చెరో గంట మాట్లాడగలను. తేలనిది నేను చేసినదాని సంగతే. నువ్వు చేసింది తప్పు అని నాతో అనగలిగిన మనిషి ఆయనొక్కరే. ఆయన అనలేదు.