చెంబు విసిరిన చెయ్యి

ఆ ఉదయం కడుపులో ఎవరో పిడిగుద్దులు గుద్దినట్టై లేచాను. మధ్యాహ్నానికి పదిహేనుసార్లు నీళ్ళ విరేచనం. నిడదవోలు దగ్గర మాది వ్యవసాయం. ఈ జబ్బుకి ఆరు నెలల ముందే నా భార్య సత్యవతి తన కిడ్నీ ఒకటి నాకిచ్చింది. అది ఒంట్లో నిలవాలని రోజూ ఇమ్యూనిటీ తగ్గించే మాత్రలు మింగుతున్నాను. తాగేది కాచి చల్లార్చిన నీళ్ళే.

నాలుగో రోజుకి నిలబడలేకపోయాను. "నీళ్ళు సరిగ్గా కాచావా?" అని అరిచాను.

"కళపెళా మరిగించానండీ" అంది.

నా కోపం ఊరందరికీ తెలిసిందే. చేతికందిన నీళ్ళ చెంబు విసిరాను. ఆవిడ నడుముకి తగిలింది, మిగిలిన ఒక్క కిడ్నీ ఉన్న వైపే. కాసేపు వంగిపోయి, తర్వాత లేచి నన్ను ఆటో ఎక్కించింది.

రాజమండ్రి ఆసుపత్రిలో స్టూల్ టెస్ట్ చేశారు. "క్రిప్టోస్పోరిడియం అండి, పేగుల్లో చేరే పరాన్నజీవి. మామూలు వాళ్ళకి దానంతటదే తగ్గుతుంది. ఈ మాత్రల వల్ల మీకు తేలిగ్గా తగ్గదు" అన్నారు డాక్టరు గారు. రక్తంలో క్రియాటినిన్ పెరిగిపోయింది, అంటే కిడ్నీ దెబ్బతింటోందన్నమాట.

"కిడ్నీ పోతుందా అండి?"

"ఇప్పుడే చెప్పలేం."

ఇమ్యూనిటీ మాత్రల డోసు తగ్గించారు, సెలైన్లు ఎక్కించారు. తగ్గినట్టే తగ్గి తిరగబెట్టింది. పేగులు మెలిపెట్టి పిండుతుంటే మంచం ఊచ పట్టుకుని బూతులు తిట్టేవాణ్ణి. ఆ బూతులు కూడా సత్యవతికే.

శాంపిల్‌ని జీనోటైపింగ్‌కి పంపారు. రిపోర్టు చూసి డాక్టరు గారు, "ఇంట్లో దూడ ఉందా అండి? మైక్రోస్కోపులో ఈ రకాలన్నీ ఒకేలా ఉంటాయి. జీన్స్ చూస్తేనే తేడా తెలిసేది. ఇది దూడల్లో ఎక్కువగా కనిపించే రకం" అన్నారు.

జబ్బుకి రెండు వారాల ముందు గేదె ఈనింది. సత్యవతి వద్దండీ అని మొత్తుకున్నా వినకుండా, దూడ పాలు పట్టడం లేదని దాని నోట్లో వేలు పెట్టి చీకించాను. అది పారుకుంటే తోక కడిగాను. తువ్వాలుకి చెయ్యి తుడుచుకుని అదే చేత్తో బెల్లం ముక్క నోట్లో వేసుకున్నాను.

సత్యవతి పక్కనే ఉంది. "అయితే నీళ్ళు బాగానే కాచానన్నమాట" అంది, అంతే. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆ జబ్బు మెల్లగా తగ్గింది. ఇప్పటికి ఏడాదైంది. ఇద్దరికీ చెరో కిడ్నీ పనిచేస్తోంది. నాలా మాత్రలు మింగేవాళ్ళు దూడ జోలికి పోకండి. తప్పక ముట్టుకుంటే సబ్బుతో కడగండి, శానిటైజర్ చాలదట. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన రోజు క్షమించమని సత్యవతి చెయ్యి పట్టుకోబోయాను.

"ముందు కడుక్కురండి" అంది.