చెరిపేసిన ఫోటోలు

జార్జియాలో డాక్టరు చదువుతున్నప్పుడు ఒకసారి శని, ఆదివారాలకు స్నేహితులతో దుబాయి వెళ్లొచ్చాను. సెలవులకు ఇంటికొచ్చాక, ఆర్మూర్‌లో దొంకేశ్వర్ బస్సెక్కి ఆ ఫోటోలు చూసుకుంటున్నాను. పక్క సీట్లో, గోళ్ల నిండా పసుపు పట్టిన ఒకామె నా ఫోన్‌లోకి వంగింది.

"దుబాయా బిడ్డా గిది?"

అవునన్నాను.

"మా ఇంటాయన ఆడనే బిల్డింగుల పని చేస్తడు. నాలుగు నెలల సంది ఫోన్ లేదు. ఎనక ఉన్నోళ్లను జర పెద్దగ చేసి చూపియ్యవా?"

నా మొహాన్ని పక్కకు జరిపి, వెనక ఉన్నదంతా పెద్దది చేసి ఫోన్ ఆమె చేతికిచ్చాను. ఒక్కో ఫోటో మూలమూలా వెతికింది.

"గంత పెద్ద ఊర్లె పనోళ్లు ఒక్కలు గూడ లేరా?"

"లేరక్కా," అన్నాను.

ఉన్నారు. నీలం బట్టల్లో, మండుటెండలో, నా వెనకే టైల్స్ పరుస్తూ పది మంది దాకా ఉన్నారు. ఫోటోలు పాడవుతున్నాయని, హోటల్లో కూర్చుని ఒక్కొక్కరినీ తెర మీద వేలితో రుద్ది చెరిపేశాను. చెరపకముందున్న ఫోటోలు ఉంచుకోలేదు.

దొంకేశ్వర్‌లో దిగేముందు ఆమె ఫోన్ నా చేతిలో పెట్టింది.

"ఊరైతే మస్తు సాఫ్‌గున్నది బిడ్డా."