ఇద్రీస్ కట్టిన కట్టు

షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలోని టైర్ల షాపులో ఇద్రీస్ నెమ్మదితనం చూసిన వాళ్లెవరికీ అతను మనుషుల్ని చంపి వచ్చాడని తోచదు. ట్యూబు పేలితే మాత్రం ఆ ఆరడుగుల సుడానీ మనిషి క్షణంలో నేలకు కరుచుకుపోతాడు. మొదట్లో అందరూ నవ్వారు. సామర్లకోట నుంచి వచ్చిన పికప్ డ్రైవర్ అంజి ఒకసారి అతని ముఖం దగ్గరగా చూశాడు. ఆ తర్వాత నవ్వినవాళ్లను తిట్టడం మొదలుపెట్టాడు.

2023లో సుడాన్‌లో అంతర్యుద్ధం మొదలయ్యేనాటికి ఇద్రీస్ పదాతిదళంలో సిపాయి. యుద్ధమంటే మైదానంలో ఎదురెదురుగా నిలబడి కొట్టుకోవడం అనుకునేవాళ్లకు ఓ దండం. ఒమ్‌దుర్మాన్ నగరం సందుల్లో వీధిలోకి తల పెడితే తల ఉండదు. అందుకే గోడలకు కన్నాలు పెట్టుకుంటూ ఇంట్లోంచి ఇంట్లోకి పాకేవాళ్లు. ముందు గ్రెనేడ్, వెనక మనిషి. ఒక వంటింట్లో ఇద్రీస్ పొడిచినవాడు ప్రాణం పోయాక కూడా అతని చొక్కా వదల్లేదు. వేళ్లు ఒక్కొక్కటే విడదీసుకోవాల్సి వచ్చింది. ఆ పొయ్యి మీదే చల్లారిన పప్పు దొరికితే అతనూ, జతగాడు బాబికర్ చేతులైనా కడుక్కోకుండా తిన్నారు. ఆకలి అంత పాడుది.

రెండు పక్షాల దుస్తులూ ఇంచుమించు ఒకటే. గుర్తుకోసం ఎడమ జబ్బకు ఇద్రీస్ వాళ్లు ఎర్రగుడ్డ కట్టేవాళ్లు, శత్రువులు తెల్లగుడ్డ. ఎవరు బతకాలో ఆ పేలికే తేల్చేది.

ఒక ఉదయం షెల్ ముక్క తగిలి బాబికర్ ఎడమ జబ్బ చీలింది. ఇద్రీస్ ఎర్రగుడ్డ కోసి పారేసి, మంచం మీది దుప్పటి చింపి గట్టిగా కట్టు కట్టాడు. రక్తం ఆగిందన్న సంతోషంలో పైన మళ్లీ ఎర్రగుడ్డ చుట్టాలని ఇద్దరికీ తట్టలేదు. బాబికర్ నీళ్లకు వెళ్లాడు. అంతలో పక్కింటి మీద షెల్ పడి దుమ్ము కమ్మేసింది. గోడ కన్నంలోంచి ఎవరో వంగి వస్తున్నారు. ముఖం కనబడలేదు, జబ్బ మీద తెలుపు కనబడింది. ఇద్రీస్ మూడుసార్లు కాల్చాడు. నీళ్ల డబ్బా దొర్లుకుంటూ వచ్చి అతని కాళ్ల దగ్గర ఆగింది.

ఆ వారమే అతను సైన్యం వదిలి పారిపోయాడు. అక్కడున్న తన అన్న పంపిన వీసా మీద షార్జా చేరాడు. రెండేళ్ల తర్వాత తూర్పు తీరంలోని కల్బా ఊరి నుంచి ఫోనొచ్చింది. బాబికర్ చెల్లెలు ఫైజా అక్కడ కుట్టుషాపులో పనిచేస్తోంది. తన అన్న ఎలా పోయాడో వచ్చి చెప్పమంది.

శుక్రవారం అంజి తన పికప్‌లో తీసుకెళ్లాడు. దారిలో ఇద్రీస్ జరిగిందంతా చెప్పాడు. ఇద్దరి మధ్యా నడిచేది హిందీయే గానీ కోపమొస్తే అంజి తెలుగులోకి దిగిపోతాడు.

"దుష్మన్ గోలీ తగిలిందని చెప్పెయ్ బాయ్, ఖలాస్! నిజం చెప్పి ఆ పిల్లని మళ్లీ ఏడిపిస్తావేంటి? నీకు బుర్రుందా అసలు?"

"రెండేళ్లు మోశాను," అన్నాడు ఇద్రీస్. "ఇక నావల్ల కాదు."

ఫైజా అతన్ని కూర్చోబెట్టి టీ ఇచ్చింది. అతను నోరు తెరవబోతే ఆపింది.

"ముందు ఇది వినండి. ఆ రోజు నీళ్లకు వెళ్లినచోట సిగ్నల్ దొరికిందట. అన్నయ్య పంపిన చివరి మాట."

ఫోన్లోంచి బాబికర్ గొంతు వచ్చింది. "ఫైజా, కంగారుపడకు. చెయ్యి కాస్త చీలింది. ఇద్రీస్ కట్టు కట్టాడు. వాడు పక్కనుండగా నాకేం కాదు."

"అప్పట్నుంచీ ప్రతి నమాజులోనూ మీకోసం దువా చేస్తున్నాను," అంది ఫైజా.

ఇద్రీస్‌కు అక్కడికక్కడే చచ్చిపోవాలనిపించింది. అంజి చెప్పిన అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేశాడు.

"ఆ కట్టు తెల్లగా ఉందమ్మా. శత్రువనుకున్నాను. కాల్చింది నేనే."

ఫైజా చేతిలోని ఫోను బల్ల మీద పెట్టింది.

"తెచ్చిన నీళ్లు తాగాడా?"

"లేదు."

ఆమె అతని ముందున్న టీ గ్లాసు తీసి, తొట్టిలో పారబోసింది. ఇద్రీస్ లేచాడు. గుమ్మం దాటుతుంటే వెనక ఫోన్లో బాబికర్ గొంతు మళ్లీ మొదటినుంచి వినిపించింది.