మంచం కోసం తెచ్చిన పసుపు

మా అమ్మకు మంచం లేదన్నారు. ఎన్నిసార్లు అడిగినా అదే మాట. వార్డులో మంచాలన్నీ నిండిపోయి ఉన్నాయి, ఇక మాకెక్కడిది? వరండాలో గోడవారన చాప పరిచి, అమ్మను మా పెద్దమ్మ గుండెకు ఆనించి కూర్చోబెట్టాం. పెద్దమ్మంటే అమ్మకు సొంత అక్క. పడుకుంటే అమ్మకు ఊపిరాడదు. కాశిబుగ్గలో మగ్గం దగ్గరే బతుకంతా వెళ్లదీసిన మనిషి. ఆ నూలు దుమ్మే ఊపిరితిత్తులను తినేసిందని డాక్టర్ చెప్పాడు. వరండాలో అందరికీ కలిపి ఒకటే ఆక్సిజన్ సిలిండర్, వంతులవారీగా పెడతారు. వార్డులో మంచాలకైతే గోడలోంచే పైపు ఉంటుంది. ఆ మంచం దొరికితే అమ్మ గట్టెక్కుతుందని ఆయనే అన్నాడు. నాకు ఆ పైపు తప్ప ఇంకో ధ్యాస లేదు.

బాగై ఇంటికి పోయేవాళ్ల మంచం మన దాకా రాదు. వాళ్లింకా చెప్పులు తొడుక్కోకముందే ఎవరో ఒకరు తువ్వాల పరిచి కాపు కాస్తారు. ఇక మాలాంటివాళ్లం చావు కోసం కనిపెట్టుకుని కూర్చోవాలి. కిటికీ పక్క మంచం మీది ముసలమ్మకు ఎగశ్వాస మొదలైతే నాకు ఆశ పుట్టింది. ఏం చెప్పను, ఆశే పుట్టింది.

ఆమె పొద్దున పోయింది. సిస్టర్ తలుపులోంచి కేకేసింది. "మీ అమ్మను జల్ది తీస్కరాండ్రి. మళ్ల నన్నడగొద్దు."

నేను అమ్మ చంకల కింద చేతులు వేశాను. పెద్దమ్మ అడ్డం పడింది.

"ఇప్పుడే పానం పోయిన మంచం. పసుపు నీళ్లు సల్లకుంట నా చెల్లెను ఎక్కనియ్య."

"నీకు దండం పెడ్త పెద్దమ్మా! ఊపిరాడుతలేదామెకు!"

"అందుకే అంటాన్న. పోయినామె ఎంబడే దీన్ని గూడ గుంజుకపోతది."

నెత్తీ నోరూ కొట్టుకున్నాను. చివరికి అమ్మే తేల్చింది. "అక్క చెప్పినట్టు చెయ్యి బిడ్డా. నాకు గూడ బుగులైతాంది" అంది భయంగా, ఒక్కో మాటకూ ఆగి ఆయాసపడుతూ. పెద్దమ్మ పోయి ఆ మంచం మీద తన తువ్వాల పరిచి వచ్చింది.

గేటు బయట టీ దొరుకుతుంది, అరటిపండ్లు దొరుకుతాయి. దవాఖాన ముందు పసుపు ఎవడమ్ముతాడు? రోడ్డు దాటి, సందులో ఉన్న కిరాణా కొట్టు దాకా చెప్పుల్లేకుండా ఉరికాను. పొట్లం పట్టుకుని తిరిగొచ్చేసరికి మా తువ్వాల మడతపెట్టి కిటికీలో ఉంది. మంచం మీద పరకాల నుంచి వచ్చిన ఒక ముసలాయన. ముక్కుకు గోడ పైపు.

ఒళ్లు మండిపోయింది. నోటికొచ్చినట్టు తిట్టాను. ఆయన కొడుకు రెండు చేతులూ జోడించాడు. "తిట్టక్కా, పడ్త. గని మా నాయినను లేపకు." ముసలాయన ఛాతీ అప్పుడే నిమ్మళంగా లేచి పడుతోంది. ఏ మొహంతో లేపను? వరండాలోకి వస్తే, ఇంకోటి దొరకదా అని పెద్దమ్మ గొణిగింది. ఏ దుకాణంలో దొరుకుతుందో చెప్పు, పోయి తెస్తానని అరిచాను.

ఇంకోటి దొరకలేదు. మర్నాడు మధ్యాహ్నం, సిలిండర్ వంతు రాకముందే, అమ్మ పెద్దమ్మ చేతుల్లోనే పోయింది. పెద్దమ్మను నేను ఒక్క మాటా అనలేదు. మొదలుపెడితే ఆగనని భయం.

అమ్మను స్ట్రెచర్ మీద తీసుకుపోయారు. ఆ వెనకాలే వెళ్లడానికి చాప చుడుతున్నాం. నర్సంపేట నుంచి వచ్చిన ఒకామె, ఆయాసపడుతున్న కూతుర్ని భుజానికి ఆనించుకుని నిలబడి ఉంది. "అక్కా, ఏమనుకోకు. ఈ జాగ ఎవలన్న అడిగిండ్రా?" అంది.

పెద్దమ్మ సంచిలో చెయ్యి పెట్టి పసుపు పొట్లం తీసింది. సీసాలో మిగిలిన నీళ్లలో కలిపి, అమ్మ కూర్చున్న చోట చల్లింది. తన కొంగుతోనే తుడిచింది.

"కూసోబెట్టు బిడ్డా" అంది ఆ తల్లితో. "జల్ది కూసోబెట్టు. మళ్ల ఎవలన్న వస్తరు."