బొమ్మలో మిగిలిన సమాధి

ఇప్పుడు నా బొమ్మల్లో మనుషులుండరు. ఎందుకని అడిగితే, వేయడం రాదని అబద్ధం చెబుతాను.

కట్టబోయే ఇళ్లకు రంగుల బొమ్మలు వేయడం నా పని. ప్లాను కాగితం మీది గీతలు కొనేవాళ్లకు అర్థం కావు కదా. అందుకని లేని గోడలు లేపి, లేని పచ్చిక పరిచి, అరచేతిలో వైకుంఠం చూపించేవాణ్ణి. పేట్ బషీరాబాద్‌లో గది. చేతిలో మంచి పనితనం ఉందని గర్వం కూడా ఉండేది, దాచడమెందుకు.

తొంభైల చివర్లో తూంకుంట నుంచి ఒకాయన వచ్చాడు. సొంత పొలంలో అపార్ట్‌మెంట్లు కట్టిస్తాడట. భూమి తల్లి పేరున ఉంది, ఆమె వేలిముద్ర వేయనంటోంది. భర్త సమాధి ఆ పొలంలోనే ఉంది మరి.

"బొమ్మల మా నాయిన గోరి వెట్టుర్రి సార్. సూస్తే ఒప్పుకుంటది," అన్నాడు.

ప్లాను నా బల్ల మీదే ఉంది. సమాధి ఉన్నచోట నీళ్ల సంపు గీసి ఉంది. అదేమిటని అడిగాను.

"గదంత ఎన్క సూస్కుందాం సార్."

నేను ప్లాను మడిచి పక్కన పెట్టాను.

సమాధి ఎలా ఉందో చూద్దామని పొలానికి వెళ్తే, ఆ అవ్వే దగ్గరుండి చూపించింది. పోయిన పెద్దలకు పెట్టుకునే పెత్తరమాసకు అక్కడే బెల్లమన్నం పెడుతుందట.

"కొడుకా, గీ యాపచెట్టు గుడ వెయ్యి. ఎండ మా ముసలాయనకు పడకపోతుండె."

వేశాను. అంత శ్రద్ధగా ఏ బొమ్మా వేయలేదు. కట్టడం ఎత్తు తెలియడానికి బొమ్మలో ఒక మనిషిని నిలబెట్టడం మా వాడుక. ఆమెనే నిలబెట్టాను, ఆకుపచ్చ చీరతో, సమాధి పక్కన.

బొమ్మలో తనను తాను చూసుకుని చిన్నపిల్లలా నవ్వింది. "నేనే గదా!" అంది. ఒక నకలు అడిగి తీసుకుని వేలిముద్ర వేసింది. బొమ్మ మూలన చీమతలకాయంత అక్షరాలతో 'ఊహాచిత్రం మాత్రమే' అని ఉంది. అలా రాయడమూ మా వాడుకే. ఆమెకు చదువు రాదని తెలిసే రాశాను.

చాలా ఏళ్ల తర్వాత, అప్పటికి బొమ్మలన్నీ కంప్యూటర్లలోకి వెళ్లిపోయాయి, శామీర్‌పేటలో పనుండి పోతూ తూంకుంటలో ఆ అపార్ట్‌మెంట్ల దగ్గర ఆగాను. బాల్కనీలు అచ్చం నేను వేసినట్టే ఉన్నాయి. వేపచెట్టు లేదు. సమాధి ఉండాల్సిన చోట సంపు మీది ఇనుప మూత ఉంది.

ఇక్కడొక సమాధి ఉండాలే అన్నాను వాచ్‌మన్‌తో.

"ఒక అవ్వ గుడ గదే అడుగుతుండె సార్. పెత్తరమాసకు అన్నం గిన్నె, ఓ బొమ్మ వట్టుకొని వస్తుండె. గేటు కాడికెళ్లి అడుగులు లెక్కవెడ్తుండె. బొమ్మల సూసుడు, కింద సూసుడు. గీ మూత కాడ జరసేపు నిలవడి, అన్నం మళ్ల ఇంటికే తీస్కపోతుండె. పోయినేడు సచ్చిపోయింది."

"కొడుకును తిట్టేదా?" అని అడిగాను.

"లే సార్. ఎవ్వల్నీ తిట్టకపోతుండె. 'గా బొమ్మ గీసిన పిలగాడు మంచోడు, చెట్టు గుడ మర్వలే. గోరి ఏడ వెట్టిండో ఆయనకే ఎర్క, జర అడుగుర్రి' అంటుండె. ఆయన ఎవలో మాకేం ఎర్క సార్?"