సగం మాత్ర

పద్దెనిమిదేళ్లు టెక్సస్ దక్షిణాన ఉల్లిపాయల షెడ్డులో సంచులెత్తిన ఒతీలియా, ఒకరోజు సంచి పక్కనే కూలబడింది. కాలనీ క్లినిక్కులో ఉబ్బసం అన్నారు. నాలుగేళ్లు అదే మాట, అదే పీల్చే మందు. పేదవాళ్ల ఆయాసం మీద డాక్టర్లకు ఓ పట్టాన అనుమానం రాదు. చివరికి కూతురు మరీసెలా పోట్లాడి పట్నం తీసుకెళ్తే, ఊపిరితిత్తుల్లో రక్తనాళాలు బిగుసుకుపోయాయని, వాటితో కుస్తీ పట్టి గుండె అలిసిపోయిందని తేలింది. మందు ఖరీదు విని ఒతీలియాకు నవ్వొచ్చింది. ఆ దేశంలో ఉండేందుకు సర్కారు కాగితాలున్న మనిషి కాబట్టి, కంపెనీ ఉచితంగా ఇచ్చే పథకంలో పేరెక్కింది.

పక్కింటి హెర్లిండాకు కాగితాలు లేవు. చర్చిలో మరీసెలా జ్ఞానస్నానానికి తల్లి స్థానంలో నిలిచింది ఆమే, అందుకే ఒతీలియాకు వదిన వరస. ఇద్దరూ ఒకే షెడ్డులో నడుములు విరగ్గొట్టుకున్నవాళ్లు. చర్చివాళ్ల ఉచిత శిబిరంలో హెర్లిండాకూ అదే జబ్బని చెప్పారు. చెప్పి, దేవుణ్ణి నమ్ముకోమన్నారు.

ఒతీలియా ఆలోచించనే లేదు. ఆ కాలనీలో ఒకరింట్లో మిగిలిన జ్వరం మందు ఇంకొకరి బిడ్డకు పోవాల్సిందే. మందు దాచుకుని ఒక్కరే మింగడం సిగ్గుమాలిన పని. రోజూ పొద్దున్నే మిరపకాయలు తరిగే కత్తితో మాత్రను రెండు చేసి, జాలీ కంచె మీదుగా ఒక ముక్క అందించేది.

"మింగు వదినా. నీ గుండెలో ఈలకి నా కోళ్లు బెదిరిపోతున్నాయి."

"నీ రొప్పుకి కుక్కలే ఊరొదిలిపోయాయి. ముందు నువ్వు మింగవే తల్లీ!"

హెర్లిండా కోలుకుని, మళ్లీ మొక్కజొన్న పిండి కలిపి, పొత్తు రేకుల్లో తమాలెలు చుట్టసాగింది. ఒతీలియాకు మాత్రం కాళ్లు పొంగాయి. కూతురికి కనబడకుండా మేజోళ్లు తొడుక్కుంది.

ఆరు నెలలకు పరీక్ష వచ్చింది. ఆస్పత్రి వరండాలో ఆరు నిమిషాలు నడవాలి. మందు పనిచేస్తోందని ఆ నడక చెబితేనే పథకం కొనసాగుతుంది. ఇద్దరి మందూ తన కాళ్ల మీదే ఉందని ఒతీలియాకు తెలుసు. నీలం తిరిగిన పెదాల మీద లిప్‌స్టిక్ దట్టంగా రాసుకుని బయల్దేరింది. మూడో నిమిషంలో గోడ పట్టుకుంది. నాలుగో నిమిషంలో నర్సు కుర్చీ తెచ్చింది.

"వద్దమ్మా, చెప్పు జారింది, అంతే," అంటూనే అందులో కూలబడింది.

డాక్టరు మంచివాడే. మాత్ర రోజూ వేసుకుంటోందా అని, వెంట వచ్చిన మరీసెలా చేత వాళ్ల భాషలో అడిగించాడు.

"ఒక్కరోజు మానితే ఒట్టు," అంది ఒతీలియా. అందులో అబద్ధం లేదు. పూర్తి నిజం చెబితే వదిన నోటి దగ్గరిది లాగేసినట్టే.

"అయితే ఈ మందు మీకు పనిచేయట్లేదమ్మా. పథకంవాళ్లు ఇక ఇవ్వరు. ఇంకోదానికి అర్జీ పెడతాను, నెలలు పట్టొచ్చు," అన్నాడాయన.

కారు ఇంటికి చేరేసరికి హెర్లిండా కంచె దగ్గర కాచుకుని ఉంది.

"ఏమన్నాడు వదినా?"

"నయమైపోయిందన్నాడు. ఇక మందే అక్కర్లేదట."

హెర్లిండా గుండెల మీద సిలువ గుర్తు వేసుకుంది. కంచె మీదుగా ఒతీలియాను పట్టుకుని భోరుమంది. తర్వాత కళ్లు తుడుచుకుని, "మరి... మిగిలిన మాత్రలు..." అని సిగ్గుపడి ఆగిపోయింది.

ఒతీలియా సంచిలోంచి సీసా తీసి ఇచ్చింది. "నీకే. ఇక ముక్కలు చెయ్యక్కర్లేదు. రోజుకొకటి నిండుగా వేసుకో."

"ముక్కలేంటమ్మా?" అంది వెనకాల మరీసెలా. అడిగిన మరుక్షణమే ఆమెకు అంతా అర్థమైంది. ఒతీలియా వెనక్కి చెయ్యి చాచి కూతురి మణికట్టు గట్టిగా పట్టుకుంది. మరీసెలా నోరు మూసుకుంది, కళ్లు మాత్రం మూసుకోలేకపోయింది.

"నువ్వు బతికిపోయావు వదినా, నాకదే చాలు," అంటూ హెర్లిండా సీసాను కొంగున ముడేసుకున్నంత పదిలంగా పట్టుకుని ఇంట్లోకి వెళ్లింది.

ఆ తలుపు మూసుకునేదాకా ఒతీలియా నవ్వుతూ నిలబడింది. తర్వాత కంచె పట్టుకుని, మెల్లగా నేల మీద కూర్చుండిపోయింది.